4294967297: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఏ సంఖ్య? ఎలా చదవాలి?

నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు. కామాలతో రాస్తే 4,29,49,67,297. మొత్తం పది అంకెలు.

గణితంలో దీని అసలు రూపం 2³² + 1. చేత్తో రాబట్టడం తేలికే. 2తో మొదలుపెట్టి వరుసగా ఐదుసార్లు వర్గం చేయండి: 4, 16, 256, 65536, 4294967296. చివరిదానికి 1 కలపండి. ఈ పేజీలో వచ్చే దాదాపు ప్రతి ధర్మమూ ఈ రూపం నుంచే పుడుతుంది. అందుకే పది అంకెల రూపం కన్నా 65536² + 1 అన్న రూపాన్ని గుర్తుపెట్టుకుంటే ఎక్కువ పని జరుగుతుంది.

దీనికి ఇంత పేరెందుకు?

ఫ్రెంచ్ గణితవేత్త పియర్ ద ఫెర్మా 1640 ప్రాంతంలో ఒక వరుసను గమనించాడు: 3, 5, 17, 257, 65537. ఒక్కొక్కటీ 2 ఘాతానికి 1 కలిపితే వచ్చేదే, ఆ ఘాతాంకాలు 1, 2, 4, 8, 16. ఐదూ ప్రధాన సంఖ్యలే. వరుసలో తర్వాత వచ్చేవన్నీ కూడా ప్రధాన సంఖ్యలేనని ఆయన నమ్మాడు, నిరూపణ మాత్రం తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు. ఆ వరుసలో ఆరోది మన సంఖ్య. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి పుస్తకాల్లో దీన్ని ఎఫ్5 అంటారు, ఐదో ఫెర్మా సంఖ్య అని కూడా రాస్తారు.

1729లో గణితవేత్త గోల్డ్‌బాక్ ఒక ఉత్తరంలో ఈ ఊహను మరో గణితవేత్త ఆయిలర్ దృష్టికి తెచ్చాడు. 1732లో ఆయిలర్ దీన్ని 641 భాగిస్తుందని చూపించాడు. ఊహ కూలిపోయింది.

అయితే ఇది ప్రధాన సంఖ్య కాదా?

కాదు. 4294967297 = 641 × 6700417. సరిచూసుకోవాలంటే:

6700417 × 600 = 4020250200
6700417 × 41 = 274717097
రెండూ కలిపితే 4294967297.

ఈ రెండు కారణాంకాలూ ప్రధాన సంఖ్యలే. కాబట్టి ఇంతకు మించి విడగొట్టడానికి ఏమీ లేదు.

గుణకారం చేయకుండా 641 భాగిస్తుందని చూపొచ్చా?

చూపొచ్చు. సంఖ్యావాదంలో ఇంత పొట్టిగా, ఇంత శుభ్రంగా ఉండే నిరూపణలు అరుదు. 641ని రెండు రకాలుగా రాయడంతో మొదలవుతుంది:

641 = 5 × 128 + 1 = 5 × 2⁷ + 1
641 = 625 + 16 = 5⁴ + 2⁴

మొదటి వరుస ప్రకారం, 641తో భాగించినప్పుడు 5 × 2⁷ కు వచ్చే శేషం −1 తో సమానం. దాన్ని నాలుగో ఘాతానికి తీసుకెళ్తే 5⁴ × 2²⁸ శేషం 1. రెండో వరుస ప్రకారం 5⁴ స్థానంలో −2⁴ పెట్టొచ్చు. అప్పుడు −2⁴ × 2²⁸, అంటే −2³², శేషం 1. కనుక 2³² + 1 శేషం 0. పని అయిపోయింది.

ఒక హెచ్చరిక. ఈ నిరూపణ 641 పేరు ముందే తెలిసినవాళ్లకే పనికొస్తుంది. దాన్ని వెతికి పట్టుకోవడం వేరే పని.

మరి ఆ 641ను ఎలా వెతికి పట్టుకోవాలి?

కనిపించిన ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించనక్కర్లేదు. ముందు జల్లెడ పట్టాలి.

ఏదో ఒక ప్రధాన సంఖ్య మన సంఖ్యను భాగిస్తోందనుకుందాం. దానితో భాగిస్తే 2³² శేషం −1. వర్గం చేస్తే 2⁶⁴ శేషం 1. అంటే 2 ఘాతాలు 2, 4, 8... అని రాసుకుంటూ పోతే శేషం 1 మొదటిసారి వచ్చేది సరిగ్గా 64వ ఘాతం దగ్గరే. ఇంకా ముందే వచ్చి ఉంటే ఆ స్థానం 64కు భాజకం, అంటే 32నో అంతకన్నా చిన్నదో కావాలి. అప్పుడు 2³² శేషం కూడా 1 అవ్వాలి, కానీ అది −1. ఇక ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఈ 64, ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే వచ్చేదాన్ని భాగించాలి. కాబట్టి వెతకాల్సింది 64తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలనే.

ఆ వరుస: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదే ఐదు.

ఒక్కోదాన్నీ పరీక్షించడానికి పది అంకెల భాగహారం కూడా అక్కర్లేదు. 65536ను దానితో భాగించి శేషం తీసుకోండి, ఆ శేషాన్ని వర్గం చేసి మళ్లీ శేషం తీసుకోండి, 1 కలపండి. సున్నా రావాలి.

193: 65536 శేషం 109. 109² = 11881, శేషం 108. ఒకటి కలిపితే 109. కాదు.
257: 65536 శేషం 1. వర్గం 1. ఒకటి కలిపితే 2. కాదు.
449: 65536 శేషం 431, అంటే −18. వర్గం 324. ఒకటి కలిపితే 325. కాదు.
577: 65536 శేషం 335. 335² = 112225, శేషం 287. ఒకటి కలిపితే 288. కాదు.
641: 65536 శేషం 154. 154² = 23716, శేషం 640. ఒకటి కలిపితే 641, అంటే శేషం సున్నా. దొరికింది.

449 దగ్గర 431ను నేరుగా వర్గం చేయకుండా −18గా మార్చాం చూడండి. శేషం భాజకంలో సగం దాటితే రుణ సంఖ్యగా మార్చుకోవడం చేతి లెక్కలో చాలా శ్రమ తగ్గిస్తుంది.

64 బదులు 128 అని కొన్నిచోట్ల ఉంటుంది. ఏది సరైంది?

రెండూ సరైనవే. 128 ఇంకా సన్నని జల్లెడ. 19వ శతాబ్దంలో ఎద్వార్ లూకా దీన్ని మెరుగుపరిచాడు. 8తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా, దాని శేషాల లోకంలో 2కు వర్గమూలం ఉంటుంది. 2 ఘాతాల్లో 1 మొదటిసారి 64 దగ్గర వస్తే, ఆ వర్గమూలం ఘాతాల్లో 128 దగ్గర వస్తుంది. కనుక 64 స్థానంలో 128 పెట్టుకోవచ్చు.

అప్పుడు వరుస 129, 257, 385, 513, 641. ఇందులో ప్రధాన సంఖ్యలు రెండే: 257, 641. ఆ 257 కూడా ఫెర్మా సంఖ్యే. ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ 1 తప్ప ఉమ్మడి భాజకం ఉండదు కాబట్టి దాన్ని లెక్క లేకుండానే కొట్టేయొచ్చు. అంటే పరీక్షించిన మొదటి సంఖ్యే జవాబు.

6700417 ప్రధాన సంఖ్యేనని ఎలా నమ్మాలి?

దీని వర్గమూలం 2588 పైన ఉంటుంది (2588² = 6697744, 2589² = 6702921). మామూలుగానైతే 2588 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. కానీ 6700417ను భాగించే ప్రతిదీ 4294967297ను కూడా భాగిస్తుంది కదా, కాబట్టి అదే జల్లెడ ఇక్కడా పనిచేస్తుంది. 128తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలు 2588 లోపు ఐదే:

257తో శేషం 170
641తో శేషం 44
769తో శేషం 120
1153తో శేషం 334
1409తో శేషం 622

ఏదీ సున్నా కాలేదు. కాబట్టి ఇది ప్రధాన సంఖ్యే. వరుసలో 641ను వదిలేయకండి: ఒకసారి భాగించింది కదా అని రెండోసారి భాగించదని అనుకోకూడదు. అది రెండోసారీ భాగించి ఉంటే సంఖ్యలో 641² ఉండేది.

ఈ కిటుకులేవీ లేకుండా భాగిస్తూ పోతే ఎంతసేపు పడుతుంది?

641 అనేది 116వ ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7 అంటూ వరుసగా పోయినా 116వ భాగహారంలో దొరుకుతుంది. కాగితం మీద ఒక పూట పని, అంతకు మించి కాదు. ఒకవేళ ఇది నిజంగా ప్రధాన సంఖ్యే అయ్యుంటే మాత్రం, ఆ సంగతి తేల్చడానికి 65536 లోపు ఉన్న 6542 ప్రధాన సంఖ్యలతోనూ భాగించాల్సి వచ్చేది.

ఫెర్మా పేరుతోనే ఒక విభజన పద్ధతి ఉంది: సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయడం. ఇక్కడ అది ఘోరంగా విఫలమవుతుంది. 65537తో మొదలుపెడితే 65537² లోంచి మన సంఖ్యను తీసేస్తే 131072 వస్తుంది, అది వర్గం కాదు. 65538తో 262147 వస్తుంది. 512² = 262144, మూడు తేడాతో తప్పిపోయింది! ఇలా ఒక్కొక్కటీ పెంచుకుంటూ పోతే జవాబు దొరికేది 3350529 దగ్గర (3350529² − 3349888²). అంటే 32,84,993 ప్రయత్నాలు. రెండు కారణాంకాలూ వర్గమూలానికి దగ్గరగా ఉన్నప్పుడే ఈ పద్ధతి వేగంగా నడుస్తుంది. ఇక్కడ ఒకటి 641, ఇంకొకటి అరవై ఏడు లక్షలు.

నా ప్రోగ్రామ్‌లోని ప్రధానత్వ పరీక్ష దీన్ని ప్రధాన సంఖ్య అంటోంది. ఎందుకు?

మీరు 2ను ఆధారంగా తీసుకుని ఉంటారు. ఫెర్మా పరీక్షలో, ఆధారాన్ని సంఖ్య కన్నా ఒకటి తక్కువ ఘాతానికి పెంచి శేషం 1 వస్తుందో లేదో చూస్తాం. ఇక్కడ ఆ ఘాతాంకం 2³². మన సంఖ్యతో భాగిస్తే 2³² శేషం −1, కాబట్టి 2⁶⁴ శేషం 1. 2³² అనేది 64కు గుణిజం. కాబట్టి శేషం 1 వచ్చి తీరుతుంది. సంఖ్య ప్రధానమా సంయుక్తమా అన్నదానితో ఈ ఫలితానికి సంబంధమే లేదు.

ఇంకా కఠినమైన మిల్లర్–రాబిన్ పరీక్ష కూడా 2తో మోసపోతుంది. 2, 4, 16, 256, 65536 అని వర్గం చేస్తూ పోతే తర్వాతిది 2³², అంటే −1. ఆ పరీక్ష నియమం ప్రకారం −1 కనబడితే పాస్. ఆధారంగా 4, 8, 16 లాంటి 2 ఘాతాలు వాడినా ఇదే గతి. ఫెర్మా సంఖ్యలన్నిటికీ ఇదే జబ్బు, కాబట్టి వీటి మీద 2తో పరీక్ష పెట్టడం వృథా.

3ను ఆధారంగా వాడండి. 3 యొక్క 2³² ఘాతానికి శేషం 3029026160 వస్తుంది. 1 కాదు కనుక సంయుక్త సంఖ్య అని అక్కడే తేలిపోతుంది.

పెపాన్ పరీక్ష అంటే ఇదేనా? దాన్ని ఎలా చేయాలి?

దానికి అన్న లాంటిది. 1877 నాటి ఈ పరీక్ష ఫెర్మా సంఖ్యలకోసమే పుట్టింది, అటో ఇటో కచ్చితంగా తేల్చేస్తుంది. 3తో మొదలుపెట్టి 31 సార్లు వర్గం చేయాలి, ప్రతిసారీ మన సంఖ్యతో భాగించి శేషం మాత్రమే ఉంచుకోవాలి. చివర్లో −1 (అంటే 4294967296) వస్తే ప్రధాన సంఖ్య, మరేది వచ్చినా సంయుక్త సంఖ్య.

మొదటి నాలుగు వర్గాలు 9, 81, 6561, 43046721. ఇక్కడిదాకా శేషం తీసే అవసరమే రాదు. ఐదో వర్గం 1853020188851841. దీన్ని భాగించడానికి ఓ దగ్గరి దారి ఉంది. 2³² శేషం −1 కనుక, సంఖ్యను 4294967296తో భాగించి, వచ్చిన శేషంలోంచి భాగఫలాన్ని తీసేస్తే చాలు. భాగఫలం 431439, శేషం 3793632897, తేడా 3793201458. తేడా రుణ సంఖ్య అయితే 4294967297 కలపండి. కంప్యూటర్‌లో ఇది మరీ తేలిక: కింది 32 బిట్లలోంచి పై బిట్లను తీసేయడమే.

మీ ప్రోగ్రామ్ ఐదో మెట్టు దగ్గర 3793201458 ఇస్తోందో లేదో ముందు చూసుకోండి. 31వ మెట్టు దగ్గర 10324303 రావాలి. అది −1 కాదు. దాన్ని ఇంకొక్కసారి వర్గం చేస్తే పై ప్రశ్నలో చెప్పిన 3029026160 వస్తుంది.

పైథాన్‌లో ఒక్క వరుసలో అయిపోతుంది: పౌ (pow) ఫంక్షన్‌కు 3, 2147483648, 4294967297 అని మూడు విలువలు ఇవ్వండి. రెండే విలువలు ఇచ్చి తర్వాత శేషం తీద్దామనుకుంటే మాత్రం ప్రోగ్రామ్ వంద కోట్ల అంకెలు దాటిన సంఖ్యను తయారుచేయడానికి కూర్చుంటుంది, మెమరీ మింగేస్తుంది.

ఐదో మెట్టు సరిగ్గా వచ్చింది, ఆరోది తప్పుతోంది. ఏం జరిగింది?

ఓవర్‌ఫ్లో. గుర్తుతో కూడిన 64 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద విలువ 9223372036854775807. అందులో తప్పు లేకుండా వర్గం చేయగలిగే అతి పెద్ద సంఖ్య 3037000499. మన ఐదో విలువ 3793201458 దాన్ని దాటేసింది, అందుకే సరిగ్గా ఆరో వర్గం దగ్గర లెక్క చెడిపోతుంది. గుర్తు లేని 64 బిట్ల రకం వాడితే సరిపోతుంది. అందులోనూ ఒకే ఒక్క విలువ ఇరుకున పెడుతుంది: 4294967296. దాని వర్గం 2⁶⁴, పెట్టెలో పట్టక సున్నా అవుతుంది.

జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యల్లో పూర్ణాంకాలు 2⁵³ వరకే కచ్చితం. అక్కడ బిగ్ఇంట్ వాడాలి. ఎక్సెల్ 15 అంకెలే దాచుకుంటుంది, కాబట్టి 1853020188851841ని టైప్ చేస్తే చివరి 1 పోయి 0 అవుతుంది. ఏ ఎర్రర్ మెసేజీ రాదు, అదే దీనిలోని ప్రమాదం.

ప్రోగ్రామ్‌లో ఈ సంఖ్యను ఇస్తే 1 అని చూపిస్తోంది!

32 బిట్ల రకంలో దాచారు. గుర్తు లేని 32 బిట్లలో పట్టే అతి పెద్ద విలువ 4294967295. మన సంఖ్యకు 33 బిట్లు కావాలి. పైనున్న బిట్ కత్తిరించుకుపోతే మిగిలేది 1. జావాస్క్రిప్ట్‌లో బిట్ల మీద చేసే ఆపరేషన్లు కూడా ముందు 32 బిట్లకు కుదించేస్తాయి, ఫలితం అదే. 32 బిట్ల ఫ్లోట్‌లో వేరే తప్పు: చివరి 1 ఎగిరిపోయి 4294967296 అవుతుంది.

పక్కపక్కనే ఉన్న మూడు సంఖ్యలను కలగాపులగం చేయకండి. 4294967295 = 2³² − 1, మొదటి ఐదు ఫెర్మా సంఖ్యల లబ్ధం: 3 × 5 × 17 × 257 × 65537. 4294967296 వట్టి 2 ఘాతం. 4294967297 మనది. ఈ చుట్టుపక్కల ప్రధాన సంఖ్య కావాలంటే 2³² కు కింద 4294967291, పైన 4294967311.

బైనరీలో ఎలా ఉంటుంది?

ఒక 1, మధ్యలో 31 సున్నాలు, చివర 1. అటునుంచి చదివినా ఇటునుంచి చదివినా ఒకటే. హెక్సాడెసిమల్‌లో 100000001. ఆక్టల్‌లో ఈ అందం ఉండదు, 40000000001 వస్తుంది, ఎందుకంటే 32 మూడుకు గుణిజం కాదు.

దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా?

సరిగ్గా రెండు విధాలుగా:

65536² + 1²
62264² + 20449²

రెండోది సరిచూడండి: 3876805696 + 418161601 = 4294967297. (20449 కూడా 143² కావడం కాకతాళీయం, కానీ ముచ్చటగా ఉంది.)

4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయగలం. రెండు విధాలు కుదిరాయంటేనే సంఖ్య సంయుక్తమని అర్థం. అంతటితో ఆగదు, ఆ రెండు రూపాల నుంచి కారణాంకాలను కూడా లాగొచ్చు. ఇది ఆయిలర్ పద్ధతి:

1. సరి సంఖ్యల తేడా, మొత్తం: 65536 − 62264 = 3272, 65536 + 62264 = 127800.
2. బేసి సంఖ్యల తేడా, మొత్తం: 20449 − 1 = 20448, 20449 + 1 = 20450.
3. తేడాల గసాభా: 3272, 20448 లకు 8. మొత్తాల గసాభా: 127800, 20450 లకు 50.
4. రెండు గసాభాల సగాలు 4, 25. వాటి వర్గాల మొత్తం 16 + 625 = 641.
5. మొదటి గసాభాతో తేడాలను భాగిస్తే 3272 ÷ 8 = 409, 20448 ÷ 8 = 2556. వాటి వర్గాల మొత్తం 167281 + 6533136 = 6700417.

సరి సంఖ్యను సరి సంఖ్యతోనే, బేసిని బేసితోనే జత చేయాలి. తారుమారు చేస్తే తేడాలు బేసి సంఖ్యలవుతాయి, నాలుగో మెట్టులో సగం చేయడం కుదరదు.

భాజకాలు ఎన్ని? మిగతా విలువలు?

నాలుగు భాజకాలు: 1, 641, 6700417, 4294967297. వాటి మొత్తం 642 × 6700418 = 4301668356. సంఖ్యను మినహాయిస్తే మిగతా మూడింటి మొత్తం 6701059, సంఖ్య కన్నా చాలా తక్కువ, కాబట్టి ఇది న్యూన సంఖ్య. వర్గ కారణాంకం లేదు.

ఆయిలర్ ఫై విలువ, అంటే ఈ సంఖ్య లోపు దీనితో ఉమ్మడి భాజకం లేనివాటి లెక్క, 640 × 6700416 = 4288266240. కార్మైకేల్ విలువ, అంటే ఉమ్మడి భాజకం లేని ఏ సంఖ్యను పెంచినా శేషం 1 వచ్చే అతి చిన్న ఘాతాంకం, 640, 6700416 ల కసాగు, అంటే 33502080.

అంకెల మొత్తం 59. 3తో భాగిస్తే శేషం 2. 7, 9, 11 మూడింటితోనూ శేషం 5. 13తో శేషం 10. చివరి అంకె 7 కావడం యాదృచ్ఛికం కాదు. 16 నుంచి వర్గం చేస్తూ పోతే ఎప్పుడూ చివర 6 వస్తుంది, దానికి 1 కలుపుతున్నాం.

ఆర్ఎస్ఏ నేర్చుకోవడానికి దీన్ని మాడ్యులస్‌గా వాడొచ్చా?

ఆర్ఎస్ఏ అంటే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని (మాడ్యులస్) వాడి సందేశాలను రహస్యంగా మార్చే పద్ధతి. అభ్యాసానికి వాడొచ్చు, కానీ గోతులున్నాయి. పబ్లిక్ ఘాతాంకంగా, అంటే సందేశాన్ని దాచడానికి దాన్ని పెంచే ఘాతంగా, 3 పనికిరాదు, 6700416ను 3 భాగిస్తుంది. 5 కూడా పనికిరాదు, 640ని భాగిస్తుంది. ఈ రెండిటితో తాళం వేస్తే విప్పే ఘాతాంకమే దొరకదు. 17 పనిచేస్తుంది.

అందరూ వాడే 65537 నియమాల ప్రకారం చెల్లుతుంది, కానీ దానితో 2ను ఎన్‌క్రిప్ట్ చేసి చూడండి: మళ్లీ 2 వస్తుంది. 65536 అనేది 64కు గుణిజం కనుక 2 యొక్క 65536వ ఘాతం శేషం 1, ఇంకొక్క 2తో గుణిస్తే 2. అన్ని 2 ఘాతాలకూ ఇదే జరుగుతుంది. కోడ్‌లో తప్పుందని గంటలకొద్దీ వెతక్కండి.

1/641 దశాంశం గురించి ఏదో ఉందంటారు?

32 అంకెల ఆవర్తనం. 10¹⁶ + 1ని కూడా 641 భాగిస్తుంది, భాగఫలం 15600624024961. అందువల్ల ఆవర్తనంలోని మొదటి 16 అంకెలు 0015600624024960, తర్వాతి 16 అంకెలు 9984399375975039. పైదాని కింద కిందిదాన్ని రాసి కలపండి, అన్నీ తొమ్మిదులే వస్తాయి.

ఇన్ని భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయొచ్చా?

గీయలేం. 1796లో గాస్ 17 భుజాల క్రమ బహుభుజి సాధ్యమని చూపాడు. 1837లో వాంజెల్ నిరూపణతో నియమం పూర్తయింది: భుజాల సంఖ్య బేసి అయితే అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం కావాలి. 641 గానీ 6700417 గానీ ఫెర్మా సంఖ్యలు కావు. దీనికి రెండు తక్కువగా 4294967295 భుజాలుంటే మాత్రం సూత్రప్రాయంగా సాధ్యమే! మనకు తెలిసిన ఐదు ఫెర్మా ప్రధాన సంఖ్యలతో కుదిరే 31 బేసి భుజాల బహుభుజుల్లో అదే అన్నిటికన్నా పెద్దది.

వరుసలో తర్వాతి సంఖ్యల్లో ప్రధాన సంఖ్యలు దొరికాయా?

65537 తర్వాత ఒక్కటీ దొరకలేదు. ఎఫ్5 నుంచి ఎఫ్32 వరకు అన్నీ సంయుక్తాలని తేలింది. ఎఫ్33 సంగతి ఇంకా తేలలేదు. ఎఫ్6 = 18446744073709551617. దాన్ని 1880లో లాండ్రీ విడగొట్టాడు: 274177 × 67280421310721. అక్కడ జల్లెడ 256తో భాగిస్తే 1 మిగిలేవి, 274177 = 256 × 1071 + 1. ఎఫ్7 కోసం 1970 దాకా, అంటే కంప్యూటర్ల దాకా ఆగాల్సి వచ్చింది. పూర్తిగా కారణాంకాలు తెలిసినవి ఎఫ్11 వరకే. ఎఫ్20, ఎఫ్24 మరీ విచిత్రం. అవి సంయుక్తాలని పెపాన్ పరీక్ష తేల్చింది గానీ, వాటిని భాగించే సంఖ్య ఒక్కటి కూడా ఇంతవరకు ఎవరికీ తెలియదు.